అభిమాని కంఠము

ఒక గాయకుని పాటలను బాల్యమునుండి వినివిని, ఆ కంఠమునే తన కంఠముగా చేసికొనదలచి, వేషమునందును, విరుపునందును, తుదకు ఊపిరి తీయు తీరునందును అతనినే అనుసరించి, ఒకనాడు ఆ గాయకుడు విడిచిపోయిన స్థానమున తానే నిలువగలిగిన సామాన్యుని చరిత్ర ఎవరికైనను చెప్పదగిన కథ. అట్టి కథ చేత చిక్కియు జారవిడిచిన చలనచిత్రము ‘రాక్ స్టార్’. స్టీఫెన్ హెరెక్ దర్శకత్వమున, సుమారు 5 కోట్ల 70 లక్షల డాలర్ల వ్యయముతో నిర్మితమై, 2001 సెప్టెంబరు 7న అమెరికాలో విడుదలైన ఈ చిత్రము లోకమంతటను కలిసి 2 కోట్ల డాలర్లనైనను రాబట్టలేకపోయినది. నాలుగు దినములకే న్యూయార్కులో జరిగిన ఘోరమువలన జనులకు వినోదముపై మనస్సు పోలేదని కొందరనవచ్చును. అది కొంతవరకు నిజమే. కాని చిత్రముయొక్క అసలు లోపము దాని లోపలనే యున్నది.

కథాకాలము 1980ల నడిమిభాగము. పిట్స్‌బర్గు నగరమున పగలు జిరాక్సు యంత్రములను బాగుచేయుచు, చర్చి గాయకబృందమున పాడుచు, రాత్రులందు ‘బ్లడ్ పొల్యూషన్’ అను చిన్న బృందమునకు గాయకుడుగా నుండు క్రిస్ కోల్ అను యువకుడు కథానాయకుడు. మార్క్ వాల్‌బర్గ్ ఆ పాత్రను ధరించెను. రాక్ సంగీతమున ‘ట్రిబ్యూట్ బ్యాండ్’ లనబడునవి కలవు. అవి స్వంత పాటలు కట్టవు, ఒక ప్రసిద్ధ బృందముయొక్క పాటలను ఉన్నవున్నట్లు వినిపించుటయే వాని వ్రతము. క్రిస్ ఆరాధించునది ‘స్టీల్ డ్రాగన్’ అను కల్పిత బృందము. తన గిటారు వాద్యగాడు ఒక్క కీచుస్వరమును మూలమునందున్నట్లు పలికింపలేదని కలహించి, ఆ తగవు ముదిరి, తన బృందమునుండియే వెలివేయబడును. అంతలో స్టీల్ డ్రాగన్ వారు తమ గాయకుని తొలగించి ఇతనికి కబురుపెట్టుదురు. తొలి కచేరీనాడు మెట్లపైనుండి జారిపడి, నెత్తురోడుచునే లేచి పాట సాగించును. ఇంతవరకు చిత్రము ప్రాణముతో నున్నది. ప్రియురాలు ఎమిలీగా జెన్నిఫర్ ఆనిస్టన్ నటనయందు నిజాయితీ కలదు. అటుపిమ్మట మద్యము, విలాసము, ప్రియావియోగము, పశ్చాత్తాపము అను అరిగిపోయిన మెట్లే. తాను వ్రాసిన పాటలను బృందమువారు త్రోసిపుచ్చగా క్రిస్ విసిగి, ఒక కచేరీ నడుమ తన మైకును ఒక అభిమానికి అప్పగించి వెడలిపోయి, సియాటిల్ నగరమున చిన్నవేదికపై స్వంత పాట పాడుకొనుచుండగా కథ ముగియును.

అనుకరించినంతకాలము ఇతడు తానుగాడు, అనుకరణము మానిన పిదపనే మనుష్యుడైనాడు అని చిత్రము తీర్పు చెప్పుచున్నది. నాయకునకు జిరాక్సు యంత్రముల ఉద్యోగమిచ్చుటలోనే ఆ తీర్పు దాగియున్నది. నాకు ఈ తీర్పు అన్యాయముగ తోచుచున్నది. ఆ కంఠము ఎట్లు సిద్ధించెను? ఎన్ని రాత్రులు ఒక్క ఆరోహణమును పట్టుకొని కూర్చుండెను? ఎక్కడ గొంతు తెగెను, ఎక్కడ నిలిచెను? కథకు గుండెకాయ వంటి ఈ ఘట్టమును విడిచి, కేశాలంకరణమునకును బస్సు ప్రయాణములకును తెరను ధారవోసిరి.

ఈ కథకు మూలమైన వ్యక్తి టిమ్ ఓవెన్స్, ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ వాసి. ‘జుడాస్ ప్రీస్ట్’ అను ఆంగ్లేయ హెవీమెటల్ బృందముయొక్క పాటలను ‘బ్రిటిష్ స్టీల్’ అను ట్రిబ్యూట్ బ్యాండులో పాడుచుండిన ఇతని కచేరీ వీడియో టేపు ఒకటి అసలు బృందమువారి చేతికందుటయు, తమ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ నిష్క్రమించిన పిదప యేండ్ల తరబడి గాయకుని వెదకుచుండిన వారు 1996లో ఇతనిని చేర్చుకొనుటయు జరిగినవి. ఈ వృత్తాంతమును 1997లో ‘న్యూయార్క్ టైమ్స్’ ప్రకటింపగా, దానినుండి చిత్రము పుట్టినది. జుడాస్ ప్రీస్ట్ వారు చిత్రమునుండి తప్పుకొన్నందున పేర్లన్నియు కల్పితములైనవి. ఓవెన్స్ కోపించి వేదిక విడిచినవాడు కాడు. 1997లో ఒకటియు, 2001లో ఒకటియు రెండు ఆల్బములు ఆ బృందముతో పాడి, 2003లో హాల్‌ఫర్డ్ తిరిగివచ్చుటకు నిశ్చయింపగా స్థానము వదలి, ఇతర బృందములతో గానము కొనసాగించెను. దేవుని పీఠముపై కొంతకాలము కూర్చుండి, దేవుడే తిరిగివచ్చినపుడు లేచి నిలుచుట యెట్టి అనుభవమో! దానిని చూపగల చిత్రము ఇంకను రావలసియున్నది.

అనుకరణమును దోషముగ నెంచిన ఈ చిత్రముయొక్క లోపము, తమిళనాడులోని కోవిల్‌పట్టి ప్రాంతమునుండి చూచినవానికి మరింత స్పష్టముగ గోచరించును. ఈ పట్టణమును తన ఊరుగా చేసికొనిన కారుకురిచ్చి అరుణాచలము 1921లో తిరునల్వేలి సీమలోని కారుకురిచ్చిలో జన్మించినవాడు. నాదస్వర చక్రవర్తియని కీర్తిగాంచిన తిరువావడుతురై రాజరత్నం పిళ్ళైకి శిష్యుడై, ఆయన సరసన వాయించి, ఆ బాణీని తనలో నింపుకొనెను. శిష్యుని తోడిరాగమున గురువు వినిపించినాడని ఈ సీమ శ్రోత చెప్పినచో అది ప్రశంసయే కాని ఆక్షేపణ కాదు. రాజరత్నం 1956లో గతించిన పిదప ఆ నాదమును వినగోరినవారికి అరుణాచలము దిక్కైనాడు. ఐనను ఆయన తానుగానే మిగిలినాడు. 1964లో, నలుబదుల వయస్సులోనే అస్తమించినాడు. 1962నాటి ‘కొంజుం సలంగై’ చిత్రమును మనవారు ‘మురిపించే మువ్వలు’గా ఎరుగుదురు. తెరపై సావిత్రి పాడుచుండగా జెమినీ గణేశన్ నాదస్వరము పట్టుకొనియుండును. కాని మనము వినునది గుంటూరు సీమ ఆడబడుచు ఎస్. జానకి గళమును, అరుణాచలము వాద్యమును. అరువు నాదమని ఆ పాటను ఎవరైనను తక్కువ చేసిరా? ‘రాక్ స్టార్’లోను వాల్‌బర్గుకు ప్రధానముగా స్టీల్‌హార్ట్ బృందగాయకుడు మిల్యెంకో మాటియెవిచ్ గళమిచ్చెను, అందులో దోషమేమియు లేదు, ఆ పాటలే చిత్రములో మేలైన భాగము.

కోవిల్‌పట్టికి చేరువనే ఎట్టయపురమున్నది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దేహము చాలించినది అచ్చటనే. ఆ వంశమువాడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అను మహాగ్రంథమును తెలుగు లిపిలో ప్రకటించినదియు అచ్చటనే. స్వరములను వ్రాసి ఊరకుండక, ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క సంజ్ఞ నేర్పరచి, పెద్దలు పాడిన కదలిక యథాతథముగ రాబోవువారి గొంతున పలుకవలెనని ఆయన పడిన తపన ఆ పుటలనిండ కానవచ్చును. ఒక్క కీచుస్వరము సరిగా రాలేదని మిత్రులతో తగవులాడిన పిట్స్‌బర్గు యువకుని ఈ దృష్టితో చూచినచో అతడు పరిహాసపాత్రుడు కాడు; అతనిది శ్రద్ధ. చిత్రకారులు ఆ శ్రద్ధను చాపల్యమని పొరబడినారు.

ఇట్టి అదృష్టము టిమ్ ఓవెన్స్ ఒక్కనికే పట్టలేదు. ఫిలిప్పీన్సు దేశమున మనీలాలో ఇతరుల పాటలు పాడుచుండిన ఆర్నెల్ పినేడాను ‘జర్నీ’ బృందపు గిటారు వాద్యగాడు నీల్ షోన్ 2007లో యూట్యూబులో విని పిలిపించుకొనెను. అతని జీవితముపై వచ్చిన 2012నాటి డాక్యుమెంటరీ చిత్రము ‘రాక్ స్టార్’ కంటె ఎంతయో హృద్యమైనది.

‘రాక్ స్టార్’ చివరలో క్రిస్ చేతి మైకును అందుకొని పాడు అభిమాని పాత్రధారి మైల్స్ కెనడీ. అతడు అందులో తన స్వంత గళముతోనే పాడెను. తరువాత ‘ఆల్టర్ బ్రిడ్జ్’ బృందమునకు గాయకుడై ప్రసిద్ధికెక్కినాడు. చిత్రకారులకు అవసరమైన గాయకుడు చిత్రములోనే, ఆ ముందువరుసలోనే యుండెను. అతనికి వారు కొద్ది నిమిషములు మాత్రమే ఇచ్చిరి.