నీటితో చల్లబడే కంప్యూటరు: ప్రయాణంలో జాగ్రత్తలు

బెంగళూరులో చదివే పిల్లలు సెలవులకు కంప్యూటరును కారులో వేసుకుని హొసూరు, శూలగిరి మీదుగా మన కుందారపల్లికి తెస్తుంటారు. కొన్ని కంప్యూటర్లలో ప్రాసెసరు వేడిని గొట్టాల్లో తిరిగే నీరు రేడియేటరుకు చేరవేస్తుంది, మోటారు బండిలో మాదిరే. నిండుకుండ తొణకదంటారు. కాని దారి కుదుపులకు గొట్టం బిగువు సడలితే నీరు కారక తప్పదు. అది చూసుకోక స్విచ్ వేస్తే పిల్లల శ్రమ, పెద్దల కష్టార్జితం రెండూ పోతాయి.

కర్మాగారంలోనే మూసి వచ్చిన రకమైతే నీరు తీయనక్కరలేదు. విడి గొట్టాలతో బిగించినదైతే దూర ప్రయాణానికి ముందు నీరంతా తీసేయడం మేలు. ఊడదీయగల బరువైన గ్రాఫిక్స్ కార్డును వేరుగా పెట్టండి. మదర్‌బోర్డు అడుగువైపుకు వచ్చేలా పెట్టెను పరుపు మీద పడుకోబెట్టండి. ఎండలో, మూసిన కారులో వదలకండి.

ఇల్లు చేరాక తొందరపడకండి. అతుకుల కింద కాగితం పరచి, నీరు నింపి, మిగతా భాగాలకు కరెంటు లేకుండా పంపు మాత్రం కొన్ని గంటలు నడపండి. కాగితం తడిస్తే ఆపి, అతుకు బిగించి, పూర్తిగా ఆరనివ్వండి. శుద్ధజలమే కదా అనుకోవద్దు. లోహాల మధ్య తిరిగాక అందులోనూ కరెంటు పారుతుంది.

ఆ కొన్ని గంటల ఓపికే యంత్రానికి రక్ష.