ముసలి పిల్లికి జలుబు వదలడం లేదా?

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ మెట్లబావి పక్క ఇరుకు ఇళ్లల్లోనైనా, పల్లెలో వడ్ల గాదె దగ్గరైనా, పదేళ్లు దాటిన పిల్లి గురగురమంటూ తుమ్ముతుంటే 'ముసలిది, మామూలే' అని వదిలేస్తాం. అది పొరపాటు. పిల్లి వాసన పట్టి తింటుంది. ముక్కు మూసుకుపోతే తిండి మానేస్తుంది. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

కూనగా ఉన్నప్పుడు సోకిన హెర్పిస్, కాలిసి వైరస్‌లు ముక్కు లోపలి పొరలను, పలుచని ఎముకలను దెబ్బతీస్తాయి. తర్వాత సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. ఇది పూర్తిగా నయం కావడం అరుదు, అదుపులో పెట్టుకోవాల్సిందే.

స్నానాల గదిలో బకెట్ వేడినీళ్లు పిల్లికి అందకుండా పెట్టి, తలుపు మూసి పది నిమిషాలు దాని దగ్గరే కూర్చోండి. ముక్కు పక్కులను గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో తుడవండి. ఉడికించిన చేపను కాస్త వెచ్చజేసి పెడితే వాసన తగిలి తింటుంది. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట దగ్గర ఉంచొద్దు.

కర్పూరం కలిసిన బాములు రాయకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి చచ్చిపోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఒక ముక్కు రంధ్రం నుంచే కారుతున్నా, రక్తం పడినా, ముఖం వాచినా అది ఉత్త జలుబు కాదు. పంటి వేరులో చీము, బూజు, కంతి ఏదైనా కావచ్చు. వెంటనే దగ్గర్లోని పశువైద్యునికి గానీ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో గానీ చూపించాలి. కొత్తగా కూనను తెచ్చుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలు పెట్టించండి.