పట్టికల సంధి



నేటి ప్రసంగవిషయము పట్టికలు. అడ్డవరుసలును నిలువువరుసలును గల లెక్కల పత్రమే పట్టిక. బడిలోని హాజరుపట్టిక, పొలముల అడంగలు, జనాభా లెక్కల పుస్తకము, ఇవి యన్నియు పట్టికలే. ఒక్కొక్క పట్టిక తనకు దెలిసినది మాత్రమే చెప్పును. ఏ గ్రామమున ఎందఱు బాలురున్నారో ఒకటి చెప్పును. ఏ గ్రామమున బడి యున్నదో వేఱొకటి చెప్పును. బడి లేని గ్రామములలో బాలురెందఱని యడిగినచో రెండును మౌనము వహించును. రెంటిని జోడించిననే యుత్తరము పుట్టును. ఆ జోడింపు ఎట్లు చేయుదురో, అందలి ప్రమాదమెట్టిదో మనవి చేయుదును.

ఈ పనికై నేడు లోకమున విరివిగా వాడబడు సాధనములలో ‘ఆర్’ అను కంప్యూటరు భాష యొకటి. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ చేంబర్సు ప్రభృతులు ‘ఎస్’ అను గణాంకభాషను నిర్మింప మొదలిడిరి. దాని జాడలలో న్యూజీలాండు దేశపు ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను ఇరువురు ఆచార్యులు ‘ఆర్’ భాషను కల్పించిరి. ఇరువురి పేళ్లకును ఇంగ్లీషున మొదటి యక్షరము ఆర్ అగుట గమనింపదగినది. 1995లో దానిని ఎల్లరును ఉచితముగా వాడుకొనునట్లు విడుదల చేసిరి. ఈ భాషలో పట్టికకు డేటా ఫ్రేమ్ అని పేరు.

జోడింపునకు ముందు పట్టికకు తగిన ఆకారముండవలెను. మన శబ్దమంజరిలోని రామశబ్దమును తీసికొందము. ప్రథమ మొదలు సంబోధనముతో గూడ ఎనిమిది అడ్డవరుసలు. ఏక, ద్వి, బహువచనములకు మూడు నిలువువరుసలు. వెరసి 24 రూపములు. వల్లె వేయుటకు ఈ యేర్పాటు మిక్కిలి యనుకూలము. యంత్రమునకు మాత్రము చిక్కు. ఏలయన, వచనమను గుణము ఒక్కచోట లేక మూడు శీర్షికలలో చెదరియున్నది. హ్యాడ్లీ విక్హామ్ అను గణాంకశాస్త్రజ్ఞుడు 2014లో ప్రకటించిన వ్యాసమున పట్టికకు మూడు నియమములు చెప్పెను: ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క నిలువువరుస, ఒక్కొక్క పరిశీలనమునకు ఒక్కొక్క అడ్డవరుస, ఒక్కొక్క జాతి విషయమునకు ఒక్కొక్క పట్టిక. ఈ నియమముల ప్రకారము రామశబ్దము విభక్తి, వచనము, రూపము అను మూడు నిలువువరుసలతోను, 24 అడ్డవరుసలతోను ఉండవలెను. పివట్ లాంగర్ అను ఆజ్ఞతో పట్టిక నిట్లు మార్చవచ్చును.

ఇక జోడింపు రెండు విధములు. మొదటిది, ఒక పట్టిక క్రింద వేఱొక పట్టికను పేర్చుట. దీనికి ఆర్‌బైండ్ అని పేరు. రెంటి శీర్షికలును ఒక్కటిగా నుండవలెను. ఒకదానిలో ‘గ్రామము’ అనియు వేఱొకదానిలో ‘ఊరు’ అనియు నున్నచో, పేళ్లు కలియలేదని చెప్పి యంత్రము పని నిలిపివేయును. ఇట్లు నోరు తెఱచి చెప్పు దోషమువలన భయము లేదు.

రెండవది, రెండు పట్టికలయందును గల ఆనవాలును బట్టి వరుసకు వరుసను జతపఱచుట. రామశబ్దపు పట్టికను హరిశబ్దపు పట్టికతో జతపఱుపవలెనన్న విభక్తియు వచనమును కలిసి ఆనవాలగును. రెండును సరిపోలిన వరుసలు జతపడి 24 వరుసలే వచ్చును. వచనమొక్కటియే ఆనవాలని చెప్పితిమా, రామశబ్దమందలి ప్రతి యేకవచనమును హరిశబ్దమందలి ఎనిమిది యేకవచనములతోను జతపడును. తక్కిన వచనములును అట్లే. అప్పుడు 24 వరుసలు 192 అగును! రూపమును ఆనవాలుగా గొనుటయు తగదు. రామాభ్యాం అను రూపము తృతీయయందును, చతుర్థియందును, పంచమియందును ద్వివచనమై యున్నది గదా. కావున రెండు పట్టికలలో ఒకదానియందైనను ఆనవాలు రెండుమాఱులు రానిదై యుండవలెను. ఆర్ భాషకు తోడుగా వచ్చిన డీప్లైయర్ అను పనిముట్ల సంపుటి 2023 నుండి ఇట్టి బహుళసంబంధమును గాంచి హెచ్చరించుచున్నది. ఆర్ భాషలోనే యున్న మెర్జ్ అను ఆజ్ఞ మాత్రము హెచ్చరింపదు.

సంధి జరిగినచోట లోపమో, ఆగమమో, ఆదేశమో కలుగునని వ్యాకరణము చదివినవా రెఱుగుదురు. పట్టికల సంధియందును అంతియే. వరుసలు పెరుగుట ఆగమము వంటిది. దానిని ఇప్పుడే చూచితిమి. లోపము అంతకంటె ప్రమాదకరము. మెర్జ్ అను ఆజ్ఞ, వేఱుగా చెప్పనిచో, రెండు పట్టికలయందును ఆనవాలు గల వరుసలను మాత్రమే యుంచి తక్కినవానిని విడిచివేయును. విడిచితినని చెప్పదు. ఒకదానిలో రాజమండ్రి యనియు వేఱొకదానిలో రాజమహేంద్రవరమనియు నున్నచో మనకు రెండును ఒకటే; యంత్రమునకు వేఱు. పేరు చివర ఒక ఖాళీ మిగిలియున్నను వేఱే. అంతట ఆ యూరు మన మొత్తములనుండి మాయమగును.

సంస్కృతమున పూర్వరూపసంధియందు అకారము కనబడకుండ పోయినపుడు అవగ్రహచిహ్నము నుంచుదురు. ఇచట ఒక యక్షరముండెడిదని ఆ గుర్తు చదువరికి చెప్పును. డీప్లైయర్ సంపుటిలోని లెఫ్ట్ జాయిన్ అను ఆజ్ఞ ఇట్టి పనియే చేయును. మొదటి పట్టికలోని వరుసల నన్నిటిని నిలిపి, జత దొరకనిచోట ఎన్.ఏ. అను గుర్తు నుంచును. ఎన్.ఏ. యనగా విలువ తెలియదని యర్థము. దానిని సున్నగా తలపరాదు. పరీక్షకు రాని బాలునకు సున్న మార్కులు వేయుటకును, రాలేదని వ్రాయుటకును ఎంత భేదమున్నదో ఉపాధ్యాయులకు తెలియును. ఎన్.ఏ. యున్న వరుసకు సరాసరి కట్టుమన్నచో ఆర్ భాష ఎన్.ఏ. అనియే బదులిచ్చును. తెలియనివానిని తొలగించి లెక్కింపుమని మనమే చెప్పవలెను. చెప్పుటకు ముందు అవి యెన్నియో చూచుకొనవలెను. జత దొరకని వరుసలను మాత్రమే యేరి చూపు ఆజ్ఞ యాంటీ జాయిన్. జోడింపునకు ముందే దానిని నడపి, వచ్చిన జాబితాను చదువుట మేలు.

ఆనవాలు సరిపోయినంత మాత్రమున అర్థము సరిపోయినదనియు తలపరాదు. మన జిల్లాలనే చూడుడు. 2011 జనాభా లెక్కలనాడు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 23 జిల్లాలుండెను. 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమయ్యెను. అచటి 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యెను. ఆంధ్రప్రదేశమున మిగిలిన 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యెను. కర్నూలు జిల్లాలో 2011న 40,53,463 మంది జనము. 2022లో అందుండి నంద్యాల జిల్లా విడివడెను. 2011 లెక్కలనే క్రొత్త యెల్లలకు పంచినచో కర్నూలునకు 22,71,686, నంద్యాలకు 17,81,777 వచ్చును.

ఇప్పుడొకడు 2011 జిల్లాల జనాభా పట్టికను, 2022 మార్పునకు తరువాతి ఆసుపత్రి పడకల పట్టికతో, జిల్లా పేరు ఆనవాలుగా మెర్జ్ చేసెననుకొనుడు. నంద్యాల అను పేరు 2011 పట్టికలో లేదు. దానికి జత దొరకదు, అది రాలిపోవును. పదునేడు లక్షల పైచిలుకు జనమునకు సంబంధించిన వరుస చప్పుడులేక పోయినది. కర్నూలు మాటయో? పేరు సరిగా కలిసినది. కాని పాత కర్నూలు జనమంతటికి క్రొత్త కర్నూలు పడకలు జతపడినవి. తలకిన్ని పడకలని భాగించినచో ఉన్నదానిలో సగమునకు కొంచెమెక్కువ మాత్రమే కనబడును. ఈ రెండవ తప్పును యాంటీ జాయినును పట్టజాలదు. పట్టికలు ఏనాటివో, ఆ పేరున కానాడున్న యెల్లలెవ్వియో ఎఱిగిన మనుష్యుడే పట్టవలెను.

దీనికి మందు లేకపోలేదు. 2022లో క్రొత్త జిల్లాలను మండలములను కూర్చి యేర్పఱచిరి. కావున 2011 మండలముల జనాభా పట్టికను, ఏ మండలము ఏ క్రొత్త జిల్లాలో చేరినదో చెప్పు పట్టికతో మొదట జోడింపవలెను. పిదప గ్రూప్ బై అను ఆజ్ఞతో మండలములను జిల్లాలవారీగా గుంపులు చేసి, సమ్మరైజ్ అను ఆజ్ఞతో కూడవలెను. ఆ తరువాతనే పడకల పట్టికను చేర్పవలెను. మండలమునకు పేరుకంటె జనాభా లెక్కలలో ఇచ్చిన సంకేతసంఖ్య ఆనవాలుగా శ్రేష్ఠము. వర్ణక్రమములు మాఱుచుండును గాని సంఖ్యకు వర్ణక్రమదోషము లేదు. తుదకు కర్నూలు, నంద్యాలల మొత్తములను కూడి చూడుడు. 40,53,463 వచ్చినచో ఎవ్వరును రాలిపోలేదని నమ్మవచ్చును.

సంధి చేయుట వచ్చినంతనే విద్యార్థిని గురువు మెచ్చడు. కలిపినదానిని మరల విడదీసి, ఏ వర్ణము పోయినదో, ఏది వచ్చినదో చెప్పుమనును. పట్టికలను కలుపువారికిని అదియే పరీక్ష. కలుపకముందు వరుసలెన్ని, కలిపిన పిమ్మట ఎన్ని, పోయినవెవ్వి, హెచ్చినవెవ్వి? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగలిగినపుడే ఆ లెక్కను లోకుల యెదుట పెట్టవలెను. పట్టికలోని ప్రతి వరుస వెనుకను ఒక యూరో, ఒక కుటుంబమో యుండును. వరుస రాలినచో వారికి రావలసినదియు రాలిపోవును.