బాటసారులకు పెద్దదిక్కు

రేనాటి సీమకు తెలుగు భాషా చరిత్రలో విశేష గౌరవమున్నది. మైలవరానికి అంత దూరం కాని కలమళ్ళలో లభించిన ధనంజయుని శాసనాన్ని తెలుగున వెలసిన తొలి శాసనంగా పండితులు భావిస్తున్నారు. అది క్రీస్తు శకం 575 ప్రాంతపుదని వారి అంచనా. నాటి నుండి నేటి వరకు ఈ నేల మీద రాతికెక్కిన పేర్లకు కొదవ లేదు. ఏలినవారి పేర్లున్నవి, దానమిచ్చినవారి పేర్లున్నవి, దానం పట్టినవారి పేర్లున్నవి. ఆ రాతిని చెక్కిన శిల్పికి ఆ పూట సంగటి కెలికి పెట్టిన ముసలమ్మ పేరు మాత్రం ఎవరూ చెక్కలేదు. చెక్కవలెనని ఎవరికీ తోచలేదు.

ప్రతి ఇంటికీ ఒక పెద్దదిక్కు ఉంటుంది. మన సీమలో ఆమెను అవ్వ అంటాము, జేజి అంటాము. కోడలుగా గడపలో అడుగుపెట్టిన నాటి నుండి కన్నుమూసే నాటి వరకు ఆమె పొయ్యి చల్లారనీయదు. పాతరలో జొన్నలెన్ని ఉన్నవో, కొత్త పంట వచ్చే వరకు అవి చాలునో చాలవో, ఏ బిడ్డకు ఏది పడదో, ఏ చుట్టం ఏ మాటకు నొచ్చుకుంటాడో ఆమెకు తెలుసు. ఇంత నిండు జీవితం గడిపిన మనిషిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమంటే ఆమె మనుమలకే మాట తోచదు. ‘మంచిది, అందరికీ పెట్టేది’ అని ఊరుకుంటారు. నిన్న చేసిన పనినే నేడూ, నేడు చేసిన పనినే రేపూ చేసిన మనిషికి చరిత్ర ఎట్లా వ్రాయడమన్నదే చిక్కు.

అటువంటి పెద్దదిక్కులలో ఒకామె పేరు మాత్రం అదృష్టవశాత్తూ నిలిచినది. ఆమె డొక్కా సీతమ్మ గారు. మన సీమ బిడ్డ కాదు. గోదావరి లంకల ఇల్లాలు. అయినా ఆ పేరు నేడు మైలవరం మండలంలోని చిన్న పల్లెల దాకా వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలైలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టినది. బడిలో అన్నపు గంట మ్రోగినప్పుడల్లా ఆ పేరు వినిపిస్తున్నది. పేరు తెలిసినది గనుక ఆ జీవితం కూడా కొంత తెలియడం మేలు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో జన్మించినారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. అడిగినవారికి లేదనక బువ్వ పెట్టే గుణం వల్ల ఊరివారు ఆ తండ్రిని ‘బువ్వన్న’ అని పిలిచేవారట. అన్నదానం ఆమె మెట్టినింట నేర్చుకున్న విద్య కాదు. పుట్టినింటి నుండి తెచ్చుకున్న అరణం. లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న గారు ఒకమారు మండపేట వచ్చి, వేళ మించిపోగా ఆ ఇంట ఆతిథ్యం పొందినారనీ, ఆ బాలిక ఆదరం చూసి ఆమెనే పెండ్లాడినారనీ పెద్దలు చెప్పుకుంటారు.

లంకల గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్నది. ఆ ఊరి ఉనికిని తెలుసుకుంటే గాని సీతమ్మ గారి జీవితం మనకు అర్థం కాదు. నీటికి కరువెరిగిన మన పిల్లలకు నీరు అడ్డమై మనుషులు ఆకలితో నిలిచిపోవడం వింతగా తోచవచ్చు. గోదావరి సముద్రాన్ని చేరబోతూ పాయలుగా చీలుతుంది. ఆ రోజులలో పాయ దాటవలెనంటే పడవే గతి. గాలి ఎదురైనా, వరద వచ్చినా, సరంగు రాకపోయినా రేవులో పడిగాపులు తప్పవు. దాటి వచ్చేసరికి ప్రొద్దు వాలుతుంది. పూటకూళ్ళ ఇల్లు ప్రతి ఊరా ఉండదు. చంటిబిడ్డలతో, ముసలివారితో అలసి వచ్చినవారికి ఒడ్డున ఒక దీపం, ఒక విస్తరి కావాలి.

మరొక సంగతి కూడా ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయినది. అప్పటికి సీతమ్మ గారికి పదకొండేళ్ళు. కాలువలు వచ్చి డెల్టా పచ్చబడినది, గాదెలు నిండినవి. గాదె నిండినంత మాత్రాన ప్రతి ఇల్లూ తలుపు తెరవలేదు. నిండిన గాదె పక్కనే తెరిచిన తలుపు కూడా ఉండడం ఆ ఇంటి విశేషం. జోగన్న గారి సేద్యపు ఫలం ఆమె చేతి మీదుగా బాటసారుల విస్తళ్ళలోకి చేరినది. వేళ కాని వేళ వచ్చినా మళ్ళీ పొయ్యి రాజేయడమే ఆమె నియమం.

ఆమెను గూర్చి అందరూ చెప్పుకునే కథ ఒకటి ఉన్నది. అంతర్వేది నరసింహస్వామిని దర్శించవలెనని ఆమెకు చిరకాల వాంఛ. ఇంటిపని ఒకనాటికీ తెమలదు. ఎట్టకేలకు ఒకనాడు బయలుదేరినారు. దారిలో విశ్రమించిన చోట ఒక ప్రయాణికుల గుంపు మాటలు చెవిని పడినవి. పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. పెద్దలు వారిని ‘కొంచెం ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట అన్నం తినవచ్చు’ అని ఊరడిస్తున్నారు. ఆ మాట విని ఆమె యాత్ర చాలించి వెనుకకు మరలినారు. వారికన్న ముందు ఇల్లు చేరి, వంట సిద్ధం చేసి, వారిని ఆదరించినారు.

ఈ కథలో భక్తి చూచేవారు భక్తి చూస్తారు. ఒక స్త్రీ తన జీవితంలో కోరుకున్న చిన్న ప్రయాణం కూడా మానుకున్న సంగతి సైతం ఇందులో ఉన్నది. మన ఇండ్లలోని అవ్వలు చూడవలెననుకుని చూడని ఊళ్ళెన్నో! త్యాగాన్ని పొగడటం సులువు. ఆ త్యాగం ఏమి ఖరీదు చేసినదో తెలుసుకుని పొగడటం న్యాయం.

ఆమె కీర్తి సముద్రాలు దాటినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ ఉత్సవానికి ఆమెకు ఆహ్వానం వచ్చినదనీ, ఆమె వెళ్ళడానికి అంగీకరించక పోగా అధికారులు బ్రతిమాలి ఛాయాచిత్రం తీయించుకుని వెళ్ళినారనీ ప్రతీతి. 1909 ఏప్రిల్ 28న ఆమె పరమపదించినారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలువ నీటిని దాటించే కొత్త అక్విడక్టుకు తరువాతి కాలంలో ఆమె పేరే పెట్టినారు. పడవ కోసం జనం పడిగాపులు పడిన పాయ మీదనే ఆ పేరు నిలిచినది.

మన సీమకూ అన్నదాతల చరిత్ర లేకపోలేదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు ఆకలిగొన్న వేలమందికి అన్నం పెట్టి, విక్టోరియా మహారాణి చేత బంగారు పతకం పొందినారు. 1876లో వచ్చిన ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి మండలాలను చిక్కి శల్యం చేసినది. ఇక గండికోటలో, పెన్న లోయ అంచున, ఎత్తయిన కమానులతో కట్టిన ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నది. శత్రువు చుట్టుముట్టినప్పుడు కోటలోనివారిని కాపాడడానికి దాచిన ధాన్యమది. కోట ధాన్యం ముట్టడి నాటికి. వెంగళరెడ్డి గారి ధాన్యం కరువు నాటికి. రెండూ గొప్పవే. సీతమ్మ గారి గాదె ఏ ఉపద్రవమూ లేని మామూలు రోజులకు. ఆకలికి మామూలు రోజు అంటూ వేరే లేదు గదా!

సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశాన్ని అనుసరించి మన రాష్ట్రపు బడులలో 2003 నుండి వండిన భోజనం పెడుతున్నారు. ఆ గుండిగల వెనుక పొగలో నిలిచి వండే స్త్రీలున్నారు. గోడ మీద సీతమ్మ గారి పేరు చదివే పిల్లవానికి, తనకు వడ్డించే ఆమె పేరు తెలుసునా? తెలియకపోతే గోడ మీది పేరు చదివిన ఫలమేమి? అన్నపూర్ణ అని చేతులు జోడించి ఊరుకోవడం వల్ల ఒక నష్టమున్నది. దేవతకు నడుము నొప్పి ఉండదనుకుంటాము. వండే మనిషికి ఉంటుంది.

కనుక ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక తెలుగు పీరియడును ఈ పనికి కేటాయించండి. ప్రతి విద్యార్థినీ తన జేజి పేరు, అవ్వ పేరు వ్రాసి తెమ్మనండి. జేజి అన్న వరుస కాదు, కన్నవారు పెట్టిన పేరు. ఆమె పుట్టిన ఊరు ఏది, చూచిన కరువేది, వరద ఏది, పదిమంది చుట్టాలు ఒక్కసారి వస్తే ఎన్ని సేర్ల గింజలు విసిరేది అని అడిగి వ్రాయమనండి. గండికోట జలాశయం కోసం 2020లో ఖాళీ అయిన తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళ ముసలమ్మలకు, నీటి కింద ఉన్న తమ వీధుల ఆనవాళ్ళు ఇంకా జ్ఞాపకమున్నవి. వారు చెప్పగలిగినంత కాలమే అవి మనకు దొరుకుతాయి.

ఆ కాగితాలను కుట్టి బడి గ్రంథాలయంలో ఒక పుస్తకంగా ఉంచండి. మొదటి పుట మీద బడిలో వండే స్త్రీల పేర్లు కూడా చేర్చండి. రాతి మీద తెలుగు వ్రాసిన సీమకు కాగితం మీద ఆ నాలుగు పేర్లు వ్రాయడం బరువు కాదు.