మూలిగే నక్క మీద తాటిపండు

2024 డిసెంబరు మొదటి వారం కాలిఫోర్నియాలోని మన తెలుగు కుటుంబాలకు చిత్రమైన వారం. నాలుగో తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 స్థాయి భూకంపం వచ్చి, హైదరాబాదు, విజయవాడల దాకా భూమి కదిలింది. ఇక్కడ మనకు అప్పుడు మూడో తేదీ సాయంత్రం. అందరమూ ఆదుర్దాగా ఇళ్ళకు ఫోన్లు చేశాము. రెండు రోజులు తిరక్కుండానే, ఐదో తేదీ గురువారం ఉదయం 10 గంటల 44 నిమిషాలకు, మెండొసీనో అగ్రానికి ఆవల సముద్రంలో 7.0 స్థాయి భూకంపం వచ్చింది. ఈసారి అర్ధరాత్రి నిద్ర మానుకొని అటువాళ్ళు మనకు ఫోన్లు చేశారు.

సునామీ హెచ్చరికతో సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. గంటకు కొంచెం పైగా గడిచాక హెచ్చరికను ఉపసంహరించారు. భూఫలకాలు పక్కపక్కకు జరిగాయే గాని, సముద్రం అడుగు పైకి లేవలేదు. అందుకే పెద్ద అల పుట్టలేదు. హమ్మయ్య అనుకొన్నాము. అయితే ఆ తరువాత మిత్రులు అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఇంకా వస్తాయా?”

వస్తాయి. మేము వైద్యులమే గాని భూగర్భ శాస్త్రజ్ఞులము కాము. అయినా పెద్దలు తేల్చిన సంగతులు రెండు మూడు చెప్పుకొందాము. పెద్ద భూకంపం తరువాత వచ్చే అనంతర ప్రకంపనల సంఖ్య క్రమంగా తగ్గుతుందని 1894లోనే జపాను శాస్త్రజ్ఞుడు ఒమోరి చూపించాడు. మొదటి రోజు వచ్చినవాటితో పోలిస్తే పదో రోజు వచ్చేవి సుమారు పదో వంతు. కాని తగ్గేది సంఖ్యే, బలం కాదు. ఆలస్యంగా వచ్చినది చిన్నదే అయి ఉండాలన్న నియమం లేదు. సాధారణంగా వాటిలో అన్నిటికంటె పెద్దది అసలు భూకంపం కంటె ఒక స్థాయికి పైచిలుకు తక్కువగా ఉంటుంది. ఒక స్థాయి తగ్గితే శక్తి సుమారు ముప్పై రెండో వంతుకు పడిపోతుంది.

అలాగైతే భయం దేనికంటారా? మన సామెత ఉండనే ఉంది: మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. తాటిపండు బరువు ఎంతని కాదు, నక్క ఏ స్థితిలో ఉందని చూడాలి. 1992 ఏప్రిల్ 25న ఇదే మెండొసీనో తీరంలో 7.2 స్థాయి భూకంపం వచ్చింది. మరునాడు తెల్లవారేలోగా సముద్రంలో సుమారు 6.5 స్థాయి ప్రకంపనలు రెండు వచ్చాయి. ఆ వేళ రేగిన మంటల్లో స్కోషియా అనే చిన్న ఊళ్ళో దుకాణాలు కాలిపోయాయి. 2022 డిసెంబరు 20న ఫెర్న్‌డేల్ దగ్గర సముద్రంలో 6.4 స్థాయి భూకంపం వచ్చినప్పుడు రియోడెల్ ఊళ్ళో ఎన్నో ఇళ్ళు దెబ్బ తిన్నాయి. జనం ఇంకా తేరుకోకముందే 2023 జనవరి 1న, సరిగ్గా కొత్త సంవత్సరం నాడు, 5.4 స్థాయి అనంతర ప్రకంపన ఆ ఊరి దగ్గరే వచ్చి, పగిలిన గోడలనే మళ్ళీ కదిపింది.

గోడల సంగతి ఇంజనీరు మిత్రులు చూసుకొంటారు. మేము చెప్పదలచినది మనుషుల సంగతి. 2022లో ఆ ప్రాంతంలో మరణించిన ఇద్దరూ వృద్ధులే. వారు ఇళ్ళు కూలి పోలేదు. భూకంపం వేళ ఆకస్మికంగా జబ్బు చేసి పోయారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం నాడు లాస్ ఏంజిలిస్ కౌంటీలో గుండెజబ్బుతో ఆకస్మికంగా మరణించినవారు 24 మంది. అంతకు ముందు రోజుల సగటు ఐదుకు లోపే. అంటే గుండె కూడా ఒక గోడే. ముందే పగులు ఉన్నదానికి అదురు మరీ ప్రమాదం.

ఇక మన ఇళ్ళు చూడండి. గురువారం ఉదయం పదిముప్పావుకు మనం ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఉంటాము. పిల్లలు బడిలో ఉంటారు. ఇంట్లో ఉండేది ఆరు నెలల కోసం వచ్చిన అమ్మా నాన్నలు. ఫోను కీచుమంటుంది, సందేశం ఇంగ్లీషులో ఉంటుంది. భూమి కదిలితే బయటికి పరుగెత్తడం వారికి అలవాటు. ఇక్కడి కొయ్య ఇళ్ళలో చాలావరకు గాయాలు ఇల్లు కూలి కాదు, పరుగులో పడిపోయి, మీద వస్తువులు పడి, గాజుపెంకులు గుచ్చుకొని కలుగుతాయి. కనుక వారికి తెలుగులో, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు చెప్పండి: బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాలి, మోకాళ్ళు వంగనివారు కుర్చీలోనో మంచం మీదనో ఉండి తల కాపాడుకోవాలి. సముద్రపు ఒడ్డున ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు కదిలితే మాత్రం ప్రకటన కోసం ఆగక, కదలిక ఆగగానే మెట్టకు నడవాలి.

రక్తపోటు, చక్కెర మాత్రలు రెండు వారాలకు సరిపడా ఒక సంచిలో, వాటి పేర్లు రాసిన కాగితంతో సహా ఉంచండి. మంచం కింద చెప్పులు ఉంచండి. మంచం పైన గోడకున్న వెంకటేశ్వరస్వామి పటాన్ని వేరే గోడకు మార్చండి. ఆవకాయ జాడీని పై అరలో నుంచి కిందికి దింపండి. కదలిక ఆగిన తరువాత గ్యాసు వాసన లేదని తేలేదాకా దేవుడి దగ్గర దీపం కూడా వెలిగించవద్దని చెప్పండి.

మరొక్క మాట. ప్రకంపనలు ఆగినా కొందరికి రోజుల తరబడి ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది. 2011 జపాను భూకంపం తరువాత అక్కడి వైద్యులు ఈ తలతిరుగుడును ఎంతోమందిలో చూశారు. పెద్దవాళ్ళు ఈ మాట అంటే నవ్వి కొట్టిపారేయకండి. బల్ల మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి చూపించండి. నీళ్ళు కదలకపోతే భూమి కదలనట్టే. అయినా తగ్గకపోతే, గుండెల్లో బరువుగా ఉందంటే మాత్రం ఆలస్యం చేయక 911కు ఫోను చేయాలి.

ఈ సంచిక చేతికందిన శనివారం ఒక అరగంట ఇందుకు కేటాయించండి. జాడీ దింపడానికీ, పటం మార్చడానికీ అంతకంటె ఎక్కువ పట్టదు.