ఆరు గంటల ఊరు బిలాస్‌పూర్

రైలు మారడానికి మాత్రమే దిగే ఊరిగా పేరుపడిన ఈ నగరంలో ఒక్క పండుగ చూసినవారు, తిరిగి ఆ దారిన పోతూ కిటికీలోంచి చూసి ఊరుకోలేరు

ముంబయి నుంచి హౌరా వెళ్లే రైలుమార్గంలో బిలాస్‌పూర్ పెద్ద జంక్షన్. కట్నీ వైపు పోయే మార్గం ఇక్కడే చీలుతుంది. ఎనిమిది వందల మీటర్లకు మించిన పొడవైన ప్లాట్‌ఫారం మీద వేళ కాని వేళల్లో ఎందరో దిగుతారు, టీ తాగుతారు, మరో బండి ఎక్కి వెళ్లిపోతారు. స్టేషను వెలుపల ఒక నగరం ఉన్నదన్న ఆలోచన వారిలో చాలామందికి రాదు.

అలా వెళ్లిపోయిన ప్రయాణికుడొకడు భారతీయ సాహిత్యంలో నిలిచిపోయాడు. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలో రవీంద్రనాథ్ ఠాగూరు వ్రాసిన ‘ఫాంకీ’ అనే కథాకావ్యం ఈ స్టేషనులోనే నడుస్తుంది. ఇరవై మూడేళ్ల బీనూ రోగగ్రస్త. గాలి మార్పు కోసం భర్త ఆమెను దూరప్రాంతానికి తీసుకుపోతూ, బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరు గంటలు ఆగవలసి వస్తుంది. అత్తవారింటి గోడలు దాటి ఎన్నడూ రాని ఆ ఇల్లాలికి ఆ నిరీక్షణే ఒక పండుగ. ప్రయాణికుల గది ఊడ్చే రుక్మిణితో ఆమెకు స్నేహం కుదురుతుంది. కూతురి పెళ్లికి నగల కోసం రుక్మిణికి పాతిక రూపాయలు కావాలి. ఇచ్చి తీరాలని బీనూ భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని పక్కకు పిలిచి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపుతాడు. భార్యకు మాత్రం ఇచ్చానని చెబుతాడు. రెండు నెలలకు బీనూ కన్నుమూస్తుంది. ఒంటరిగా తిరిగివచ్చిన భర్త బాకీ తీర్చుకుందామని స్టేషనంతా వెదుకుతాడు. రుక్మిణి ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయింది.

బిలాస్‌పూర్‌కు ఆరు గంటలు మాత్రం కేటాయించే ప్రతి ప్రయాణికుడూ ఆ భర్త వలె రెండు రూపాయలతో సరిపెట్టుకుంటున్నవాడే.

రైలుతో వచ్చినవారు

ఊరి పేరు రైలు కంటె చాలా పాతది. అర్పా నది ఒడ్డున చేపలు పట్టి జీవించిన బిలాసా అనే కేవట స్త్రీ పేరు మీద ఈ ఊరు వెలిసిందని జనశ్రుతి. రాజుల పేర్లతో, దేవతల పేర్లతో ఊళ్లు వెలసిన దేశంలో ఒక జాలరి స్త్రీ పేరు మోసే నగరం అరుదు. 2021లో విమానాల రాకపోకలు మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి సైతం ఆమె పేరే పెట్టారు.

పల్లెను పట్టణంగా మార్చినది మాత్రం రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు అప్పటికే ఉన్న మీటర్‌గేజి మార్గాన్ని వెడల్పు చేసి, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. పట్టాల వెంట వర్క్‌షాపులు, వర్క్‌షాపుల వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట నలుదిక్కుల భాషలు వచ్చిచేరాయి.

ఆ భాషలలో తెలుగు ఒకటి. 1902లో వాల్తేరు నుంచి కటకం దిశగా పోయే తూర్పుతీర రైలుమార్గం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు కంపెనీ కొలువు అందుబాటులోకి వచ్చింది. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారు రిటైరైన తరువాత తిరిగిపోదామనుకున్నారు. కొందరు పోయారు, ఎందరో ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో, తిరుపతి బండిలో నేటికీ ఆ కుటుంబాల రాకపోకలు సాగుతూనే ఉన్నాయి.

రైలంటే ఈ ఊరికి ఎంత మమకారమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రత్యేక రైల్వే జోన్ కోసం ఇక్కడి ప్రజలు ఏళ్ల తరబడి పోరాడారు. 1996లో ఆ ఆందోళన ఉద్రిక్తరూపం దాల్చింది. చివరకు 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినప్పుడు రాజధాని గౌరవం రాయ్‌పూర్‌కు దక్కగా, హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చింది. అయినా ఊరివారి మాటల్లో మొదట వినిపించేది కోర్టు కాదు, రైలే.

ఏడాది పొడుగునా

ఈ ఊరిని తెలుసుకోవడానికి పండుగలను మించిన దారి లేదు. వేసవి ఎండలు మండే వేళ రైల్వే కాలనీలోని బారా ఖోలీ ప్రాంతంలో తెలుగువారు సోలాపురి మాతను కొలుస్తారు. పసుపునీళ్లు, వేపాకులు, తలమీద ఘటాలు, ముందు డప్పులు. పైడితల్లినీ నూకాలమ్మనూ ఎరిగిన ఉత్తరాంధ్ర మనిషికి ఆ ఊరేగింపు ఎదురైతే ఒక్క క్షణం తన ఊళ్లో ఉన్నాననే భ్రాంతి కలుగుతుంది. మశూచికి, కలరాకు జనం అల్లాడిన రోజుల్లో గ్రామదేవతే రక్ష. పరాయిచోటికి బతకవచ్చిన కూలీలు పెట్టెలో ఏమి తెచ్చుకున్నా తేకపోయినా, ఆ తల్లిని మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఆషాఢంలో అదే రైల్వే ప్రాంతంలో జగన్నాథుని రథం కదులుతుంది. తాళ్లు పట్టేది ఒడియావారు మాత్రమే కాదు. ఆశ్వయుజంలో వంగీయుల దుర్గాపూజ. కార్తిక శుద్ధ షష్ఠి నాడు తోర్వా వద్ద అర్పా తీరాన బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు నడుముల లోతు నీటిలో నిలిచి అస్తమించే సూర్యునికి అర్ఘ్యమిస్తాయి. మరునాటి వేకువన ఉదయించే సూర్యునికి మళ్లీ ఇస్తాయి. ఎవరి పండుగ వారిదే, చూసే కళ్లు మాత్రం అందరివీ.

ఇంతలో స్థానికుల వంతు వస్తుంది. కార్తిక శుద్ధ ఏకాదశితో రావుత్ నాచ్ ఆరంభమవుతుంది. రావుత్‌లు పశుపోషణ వృత్తిగా గల యాదవులు. గవ్వలు కుట్టిన కవచాలు, తలపాగాల్లో నెమలి ఈకలు, అలంకరించిన కర్రలు, కాళ్లకు గజ్జెలు. వాద్యాల హోరు ఒక్కసారిగా ఆగుతుంది. ఒకడు గొంతెత్తి దోహా చదువుతాడు. వాద్యం మళ్లీ అందుకుంటుంది. యజమానుల ఇళ్లకు వెళ్లి ఆవుల మెడలో ‘సుహాయి’ అనే మాల కట్టి దీవించడం వీరి ఆచారం. కొన్నాళ్లకు పల్లెపల్లె నుంచి బృందాలు బిలాస్‌పూర్ చేరి శనిచరీ ప్రాంతంలోని లాల్ బహదూర్ శాస్త్రి పాఠశాల మైదానంలో మహోత్సవం జరుపుతాయి. రాత్రి గడిచేకొద్దీ జనం పెరుగుతారే కాని తగ్గరు. శ్రీకాకుళం గొల్లల తప్పెటగుళ్లు చూసినవారికి ఆ అడుగు కొత్తగా తోచదు. పశువుల వెంట నడిచిన కాళ్లకు ఎల్లలు తెలియవు కాబోలు!

పుష్య పూర్ణిమకు ‘ఛేర్‌ఛేరా’. కొత్త ధాన్యం ఇంటికి చేరిన సంతోషంలో పిల్లలు సంచులు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి గింజలడుగుతారు. ఆ రోజు ఎంత కలవారి బిడ్డయినా చేయి చాపవచ్చు, ఎంత లేనివారి ఇల్లయినా గుప్పెడు పెట్టి పంపుతుంది. పండుగ పిండివంటల్లో బెల్లంతో, బియ్యప్పిండితో వండే ‘అయిరసా’ను నోట వేసుకున్న తెలుగువాడు దానికి వేరే పేరు చెబుతాడు: అరిసె. ఇక రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉదయం తినే ‘బోరే బాసీ’ మన చద్దన్నమే. ఆ శ్రామికుల ఆహారాన్ని గౌరవించి 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా తినిపించింది.

ఊరు దాటితే

నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. అక్కడి మహామాయా దేవి ఆలయంలో చైత్ర, ఆశ్వయుజ నవరాత్రులలో భక్తుల పేర వేలాది జ్యోతి కలశాలు తొమ్మిది రాత్రులు ఆరకుండా వెలుగుతాయి. సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నుంచి జనం కాలినడకన బయలుదేరుతారు. ఉద్యోగులు, విద్యార్థులు, చంకన బిడ్డలతో తల్లులు ఆ రాత్రి ఒకే బాట మీద ఉంటారు. తెల్లవారేసరికి కాళ్లు బొబ్బలెక్కినా మొగాల్లో అలసట కనిపించదు.

మనియారీ నది ఒడ్డున ఉన్న తాలాలో అబ్బురపాటు మరొక విధం. అక్కడ దేవరానీ, జేఠానీ, అంటే తోడికోడళ్ల పేరిట రెండు ప్రాచీనాలయాలున్నాయి. 1987–88 తవ్వకాలలో బయటపడిన రుద్రశివ విగ్రహం సుమారు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల ఎత్తు. ముక్కు బల్లి, మీసాలు చేపలు, గడ్డం ఎండ్రకాయ, చెవులు నెమళ్లు, భుజాలు మకరముఖాలు, తలపాగా పాములు, రొమ్ముల మీద, పొట్ట మీద, తొడల మీద మానవముఖాలు. ఇటువంటి విగ్రహం మరొకటి కనబడదు. శిల్పి ఏ శాస్త్రాన్ని అనుసరించాడో పండితులు నేటికీ తర్కించుకుంటూనే ఉన్నారు. జగత్తులోని జీవులన్నీ కలిస్తేనే దేవుడని అతడు చెప్పదలచాడని సామాన్యుడు అనుకుంటే కాదనలేము.

ప్రయాణికునికి ఇంకా సమయముంటే మల్హార్‌లో పాతాళేశ్వరుడు, 1975లో అభయారణ్యంగా ప్రకటించిన అచానక్‌మార్ సాలవనాలు, కట్నీ మార్గంలో పేండ్రా రోడ్ దిగి చేరదగిన నర్మదా జన్మస్థానం అమర్‌కంటక్ ఉన్నాయి. ఊళ్లోనే ఉండదలచినవారికి మరో జ్ఞాపకం: స్వాతంత్ర్యోద్యమంలో ఇక్కడ శిక్ష అనుభవిస్తూ మాఖన్‌లాల్ చతుర్వేది తన సుప్రసిద్ధ కవిత ‘పుష్ప్ కీ అభిలాషా’ను 1922లో బిలాస్‌పూర్ జైలులోనే వ్రాశాడు.

మిగిలిన బాకీ

ప్రశంసించే యాత్రికుడు ఒక చింతను దాచకూడదు. ఈ ఊరికి పుట్టుక నిచ్చిన అర్పా వర్షాకాలంలో పొంగి, తక్కిన కాలమంతా ఇసుకగా మిగులుతుంది. 2019లో రాష్ట్రగీతంగా స్వీకరించిన నరేంద్ర దేవ్ వర్మ పాట ఈ నది పేరుతోనే మొదలవుతుంది. పాటలో నిత్యం ప్రవహించే నది ఊళ్లో ప్రవహించదు. ఛఠ్ నాటి అర్ఘ్యానికి నడుముల లోతు నీరు నిలిచి ఉండాలంటే ఇసుక తోడేవారి నుంచి, మురుగు వదిలేవారి నుంచి నదిని కాపాడక తప్పదు.

రైల్వే కాలనీలో మరొక ప్రవాహం కూడా సన్నగిల్లుతున్నది. తాతలు తెలుగులో ఉత్తరాలు వ్రాశారు. తండ్రులు తెలుగు మాట్లాడి హిందీ వ్రాశారు. మనుమలలో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, బదులు హిందీలో వస్తుంది. అయినా వేసవిలో డప్పు మోగినప్పుడు ఆ మనుమలే ఘటాల ముందు నడుస్తారు. భాష జారిపోయిన చోట పండుగ పట్టుకొని ఉన్నది. ఆ పట్టు ఎన్ని తరాలు నిలుస్తుందో, ఊరేగింపు వెంట నడిచే తల్లులు ఇంట ఏ భాషలో పిలుస్తారన్న దాని మీద ఆధారపడి ఉన్నది.

ఠాగూరు కావ్యంలోని భర్త తిరిగివచ్చేసరికి రుక్మిణి లేదు. నేటి ప్రయాణికుని అదృష్టం అంతకంటె మెరుగు. గది ఊడ్చేవారు, టీ అమ్మేవారు, సామాను మోసేవారు ఇంకా ప్లాట్‌ఫారం మీదనే ఉన్నారు. గేటు దాటితే రిక్షాలున్నాయి, వాటి వెనుక ఊరున్నది. ఆరు గంటల వ్యవధి దొరికినవాడు పెట్టె క్లోక్‌రూములో ఉంచి బయటికి నడిస్తే చాలు, ఆ పాత బాకీలో కొంతైనా తీరుతుంది.