పిడుదూ ఆముదపు గింజా

స్క్రబ్ టైఫస్ గురించిన వార్తలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా, పశువుల కొట్టాలూ కొత్త అపార్ట్‌మెంట్లూ పక్కపక్కనే కనిపించే పెద్ద అంబర్‌పేట్ వంటి శివారు ప్రాంతాలలో మనిషి ఒంటికి అతుక్కున్న ప్రతి పురుగూ అనుమానానికి గురవుతుంది. ఆ జ్వరాన్ని మోసేది చిగ్గర్ అనే, కంటికి దాదాపు ఆనని నల్లిపిల్ల. చర్మంలో ముట్టె దించి రోజుల తరబడి రక్తం తాగి ఉబ్బేది పిడుదు, పశువుల మీద ఉంటే గోమారి. రెండూ సాలెపురుగుల వర్గానివే కనుక ఎదిగినవాటికి ఎనిమిది కాళ్లు, గుడ్డు నుంచి వచ్చిన పిల్లలకు ఆరు కాళ్లు ఉంటాయి. అసలు చిక్కు అది ఏ జాతి పిడుదు అన్న దగ్గర మొదలవుతుంది.

లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు. ఆముదపు గింజ రక్తం తాగిన పిడుదులా ఉంటుందని రోమన్లు ఆ మొక్కకు అదే పేరు పెట్టగా, లిన్నేయస్ దానినే శాస్త్రనామంగా స్థిరపరిచాడు; గింజ కొనన ఉండే బుడిపె సైతం పిడుదు తలను అచ్చుగుద్దినట్లుంటుంది. ఆముదం చిరకాలంగా పండుతున్న నల్లగొండ రైతుకు ఈ పోలికను ఎవరూ వివరించనక్కరలేదు. విచిత్రమేమంటే, ఇంత చక్కని పోలిక జాతి నిర్ణయానికి ఏమాత్రం పనికిరాదు, ఎందుకంటే రక్తం తాగితే ఏ జాతి ఆడ పిడుదైనా గింజలాగే ఉబ్బుతుంది, రంగు మారుతుంది, బరువు వంద రెట్లకు చేరుతుంది.

కాబట్టి ఉబ్బని భాగాలనే చూడాలి. ఆడదాని వీపు ముందుభాగంలో స్క్యూటమ్ అనే గట్టి డాలు ఉంటుంది. దాని వెనుక చర్మం ఎంత సాగినా డాలు మాత్రం సాగదు కనుక, డాలు పొడవుతో ఒంటి పొడవును పోల్చి అది ఎంతకాలంగా రక్తం తాగుతున్నదో కూడా అంచనా కట్టవచ్చు. మగదానికి ఆ డాలు వీపంతా కప్పేయడం వల్ల అది ఉబ్బలేదు. సూక్ష్మదర్శిని కింద తల పీఠం, అంటే నోటి భాగాలను మోసే గట్టి దిమ్మ, ఆరు కోణాలతో కనిపించి, దాని పక్కనున్న స్పర్శాంగాలు పొట్టిగా ఉంటే రైపిసెఫాలస్ ప్రజాతి అని అనుమానించవచ్చు. కళ్లు లేకుండా, స్పర్శాంగాల రెండవ కణుపు పక్కకు పొడుచుకువస్తే హీమాఫైసాలిస్. స్పర్శాంగాలు పొడవై కాళ్లకు పట్టీలుంటే హయలొమ్మా. ఇక పొట్ట అడుగున మలద్వారానికి ముందుగా గాడి వంపు తిరిగితే ఇక్సోడెస్. మిగిలినవాటిలో ఆ గాడి వెనుక ఉంటుంది, లేదా మసకబారుతుంది. పేరు మలద్వారం చుట్టూ రాసి ఉండటం కొందరికి నవ్వు తెప్పించినా, ఇంత నమ్మదగిన గుర్తు మరొకటి అరుదు.

ఇన్ని గుర్తులున్నా శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలు పొరబడ్డారు. 1806లో లత్రేల్ కుక్క పిడుదును సాంగ్వినియస్ అని నామకరణం చేస్తూ రాసిన వర్ణన ఎన్నో జాతులకు సరిపోయేంత క్లుప్తమైనది, పైగా అసలు నమూనా మిగలలేదు. ఫలితంగా ఉష్ణదేశాల కుక్క పిడుదులన్నిటికీ అదే పేరు అంటించారు. జన్యుపరీక్షలలో శీతల, ఉష్ణ ప్రాంతాల వంశాలు వేరని తేలాక, 2018లో ఆ పేరును ఫ్రాన్స్‌లోని మోంపెలియే నమూనాకు కట్టేశారు. అనాథగా మిగిలిన ఉష్ణవంశానికి 2021లో లిన్నేయి అనే పాత పేరు దక్కింది. ఈజిప్టు జీవుల చిత్రాలను సిద్ధం చేసిన సావిన్యీ చూపు కోల్పోగా, ఆ చిత్రాలకు వివరణ రాస్తూ ఒదువాన్ 1826లో పెట్టిన పేరు అది. ఆ విధంగా ఆముదానికి పిడుదు పేరు ఖాయం చేసిన లిన్నేయస్ పేరే మన కుక్కల పిడుదుకు చేరింది.

పశువుల పిడుదు రైపిసెఫాలస్ మైక్రోప్లస్ పిల్లదశ నుంచి ఎదిగేవరకు ఒకే పశువు మీద గడుపుతుంది కనుక మనిషిని కరవడం అరుదు. కుక్క పిడుదు దశకోసారి దిగి గోడ సందుల్లో దాగి, కొత్త ఒంటికోసం మళ్లీ బయలుదేరుతుంది. ఇంట్లో మనిషికి అంటుకున్నదాన్ని చూడగానే మొదట దానినే అనుమానించడం సమంజసం. జాతి తెలియడం వల్ల ప్రయోజనమేమిటంటే, 1957లో షిమోగా అడవులలో బయటపడిన క్యాసనూర్ జ్వరాన్ని మోసేది ప్రధానంగా హీమాఫైసాలిస్ స్పినిజెరా, భారతీయ పిడుదు జ్వరానికి ప్రధానంగా కుక్క పిడుదు కారణం.

ఇంత తెలిసినా పిడుదు మీద కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, పీకి నలిపి పారేయడం మానడం లేదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా, నిటారుగా లాగితే, వరుసలు లెక్కించి జాతిని తేల్చడానికి ఉపకరించే పళ్లున్న ముట్టె చెక్కుచెదరకుండా వస్తుంది. ఆ పిడుదును స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసి, దొరికిన చోటూ తేదీ రాసిన చీటీ అంటిస్తే చాలు.